హారన్ మాస్టారి దీర్ఘశాంతం

ఆయన కారుకు హారన్ అక్కర్లేదని అది తిరిగే వీధుల్లో అందరూ అనుకునేవారు. ఎల్ బోర్డు తగిలించుకున్న ఆ తెల్లకారు సందు మలుపు తిరగకముందే, అద్దాలన్నీ బిగించి ఉన్నా సరే, లోపలి నుంచి ఒక గొంతు బయటికి దూసుకొచ్చేది. "క్లచ్! క్లచ్ తొక్కమంటే చెవులు లేవా? అది గేరు రాడ్డు తల్లీ, గరిటె కాదు, అలా తిప్పకు!" రోడ్డు దాటబోయేవాళ్ళు ఆ గొంతు విని రెండడుగులు వెనక్కి వేసేవారు. అలా ఆ డ్రైవింగ్ స్కూలు మాస్టారికి హారన్ మాస్టారు అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు ఎవరు పెట్టారో తెలిస్తే వాళ్ళనీ కారెక్కించి దులిపేసి ఉండేవారు.

ఇదే మనిషిని ఆదివారం చూడాలి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతులు జోడించి "వందనాలండీ" అనే పలకరింపు, ముసలివాళ్ళకు కుర్చీ జరపడం, ఎవరి పిల్ల ఏడ్చినా ఎత్తుకుని బయటికి తీసుకెళ్ళడం. చర్చిలో ఆయన సంఘపెద్ద. అక్కడ ఆ గొంతు ఎక్కడికి పోయేదోగానీ, మాట వెన్నలా ఉండేది. చర్చిలో చూసినవాళ్ళు ఆయన్ని కారులో చూడలేదు, కారులో చూసినవాళ్ళలో చర్చికి వచ్చేవాళ్ళు తక్కువ. ఈ ఏర్పాటు మాస్టారికి ఏళ్ళ తరబడి చక్కగా సరిపోయింది. ఇలాంటి ఏర్పాట్లు ఎవరికి మాత్రం సరిపోవు!

ఆ హాయిని చెడగొట్టింది పాస్టరుగారు. ఒక ఆదివారం ఆయన ప్రసంగం మధ్యలో ఆగి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఇలా అన్నారు. "విశ్వాసంలోకి వచ్చి ఎన్నేళ్ళయిందని అడిగితే అందరూ ఠక్కున చెబుతారు. ఆ ఏళ్ళలో మీలో ఏం మారిందని అడిగితే మాత్రం ఫ్యాన్ల వైపు చూస్తారు. ఇవాళ ఇంటికెళ్ళి, మీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళని అడగండి. వాళ్ళు జవాబు చెప్పేదాకా నోరు మూసుకుని కూర్చోండి. ఒక్క తప్పు తేలితే చాలు, పట్టుకుని దాని వెంట పడండి. ఎదుగుదల ఊరికే రాదు."

మాస్టారు ముందు వరసలో కూర్చుని గట్టిగా తలూపారు. ఈ మాటలు రెండో వరసలో ఉన్న కోశాధికారికి బాగా తగలాలని ఆయన ఆశ. తలుపు దగ్గర నిలబడే ఇంకో ఇద్దరికి కూడా తగిలితే మరీ మంచిది. ఇంటికి వచ్చాకగానీ ఆ ప్రశ్న తననూ అడిగారని ఆయనకు తోచలేదు.

అప్పుడు భార్య వరండాలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"ఏమోయ్, నిజం చెప్పు. నాలో ఎదుగుదల కనబడుతోందా?"

ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపలేదు. "ఎక్కడ? పొట్ట దగ్గరా?"

"ఎగతాళి వద్దు. ఆత్మీయంగా అడుగుతున్నాను."

"ఓహో, అదా." ఆవిడ చొక్కా కాలరు తిప్పి, ఒక క్షణం ఆలోచించింది. "భోజనానికి ముందు మీ ప్రార్థన పొడుగైందండీ. పెళ్ళయిన కొత్తలో భోజనం చల్లారేది కాదు."

మాస్టారికి చురుక్కుమంది. అయినా పాస్టరుగారు చెప్పారు కదా అని నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ మౌనం చూసి ఆవిడకు కాస్త ధైర్యం వచ్చినట్టుంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఆయన వైపు తిరిగింది.

"పెళ్ళయిన కొత్తలో మీరు కేకలేస్తే ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడవట్లేదు. ఇందులో మారింది నేనా, మీరా? మీరే చెప్పండి."

మాస్టారు నీళ్ళు తాగే మిషతో లేచి వంటగదిలోకి వెళ్ళి, గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డారు. తన మీద తనకు ఒళ్ళు మండింది. దీర్ఘశాంతం కావాలని, కోపాన్ని ఓర్చుకునే గుణం ఇమ్మని ఎన్ని ఆదివారాలు కళ్ళు మూసుకుని దేవుణ్ణి అడిగారు! ఆ మాట మీద పెద్దల తరగతికి పాఠాలు కూడా చెప్పారు, విన్నవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. సోమవారం ఉదయం కారెక్కి, ఎవరో పాపం మొదటి గేరుకు బదులు మూడో గేరు వేస్తే, ఆ పాఠమంతా అద్దంలోంచి ఎగిరిపోయేది. ఇన్నేళ్ళుగా ఒకే వీధిలో తిరుగుతున్నట్టుంది తన బతుకు. మలుపు లేదు, ముందుకు పోవడం లేదు, పెట్రోలు మాత్రం అయిపోతోంది.

'సరే, నా తప్పు తేలింది, కేకలు. వీటి వెంటే పడతాను' అనుకున్నారు. కారులో ఇక గొంతు లేవకూడదు. ఏం జరిగినా సరే, లేవకూడదు.

సోమవారం సాయంత్రానికే డ్రైవింగ్ స్కూల్లో కలకలం మొదలైంది. స్కూలు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకునే ఆయన బావమరిది కారు చుట్టూ తిరిగి చూసి, "బావా, ఒంట్లో బాగుందా? కారు వస్తున్న చప్పుడు వినబడింది ఇవాళ. ఎప్పుడూ ముందు నీ చప్పుడు వినబడుతుంది" అన్నాడు.

"బాగానే ఉన్నాను. ఇక మీద ఇంతే."

"ఎందుకైనా మంచిది, బీపీ చూపించుకో."

మాస్టారు పళ్ళు బిగించి నవ్వారు. ఆ పళ్ళు బిగించడం తర్వాత చాలా రోజులు అలాగే ఉండిపోయింది.

ఆయన దగ్గర నేర్చుకుంటున్న వాళ్ళలో బేకరీలో పనిచేసే ఒకావిడ ఉంది. ఆవిడ కూడా అదే చర్చి మనిషి. పని నుంచి నేరుగా వస్తుంది కాబట్టి, బట్టల మీది పిండి ఎవరికీ అంటకూడదని చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటుంది. తెల్లవారుజామున పిండి కలపడం, ఇనుప రేకుల మీద బ్రెడ్డు ముద్దలు పేర్చడం, పొయ్యి గదిలోంచి వేడి రేకులు లాగడం, ఇదీ ఆవిడ పని. ఏళ్ళ తరబడి ఆ పిండి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి ఆడనివ్వని దగ్గు పట్టుకుంది. ఆ గదిలో ఇంకా ఉంటే ఊపిరితిత్తులు పనికిరాకుండా పోతాయని డాక్టరు మొహం మీదే చెప్పాడు. మానేద్దామంటే ఇంట్లో మంచం పట్టిన తల్లి, బడికెళ్ళే కూతురు. అదృష్టవశాత్తు బేకరీలో బ్రెడ్డు పంచే వ్యాను డ్రైవరు ఉద్యోగం మానేస్తున్నాడు. "లైసెన్సు తెచ్చుకో, వ్యాను నీకే ఇస్తాను. నెలాఖరు దాకా చూస్తాను" అన్నాడు యజమాని. ఆవిడ బతుకంతా ఆ లైసెన్సు మీదే వేలాడుతోంది.

మొదట్లో ఆవిడ మాస్టారి కేకలకు హడలిపోయేది. ఆయన "బ్రేక్!" అని అరిస్తే, బ్రేకుతో పాటు క్లచ్చూ తొక్కి, చేతులు కూడా పైకెత్తేసేది. ఆ అవస్థ చూసి బావమరిది వేరే మాస్టారి దగ్గరికి పొమ్మంటే, "వద్దండీ, ఆయన మంచాయన. చర్చిలో చూశాను" అంది. ఆ మాట తర్వాత మాస్టారి చెవిన పడింది. అందుకే ఈ కేకలు మానడమనే వ్రతమేదో ముందుగా ఆవిడ దగ్గరే గట్టిగా పాటించాలని పట్టుబట్టారు.

నేర్పే కార్లలో మాస్టారు కూర్చునే పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు ప్రమాదంలోకి పోతుంటే ఆపడానికి. పక్క బ్రేకు అంటారు దాన్ని. పూర్వం మాస్టారికి దాని అవసరం పెద్దగా ఉండేది కాదు, గొంతే సరిపోయేది. ఇప్పుడు గొంతుకు తాళం పడింది. నాలుగు రోడ్ల కూడలి వస్తోంది, ఆవిడ ఇంకా యాక్సిలరేటరు మీదే కాలు ఉంచింది, ఒక ముసలాయన సంచీ ఊపుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. మాస్టారి లోపల కోపం పొంగుకొచ్చేది. నోట్లోంచి పోవడానికి దారి లేదు. కోపం ఊరికే ఉంటుందా? కిందికి దిగి కాలిలోకి పోయేది. కాలు వెళ్ళి పక్క బ్రేకు మీద వాలేది.

ఎంత నేర్పుగా వాలేదంటే, చేతిలో నిండు టీ గ్లాసు ఉన్నా తొణకదు. కుదుపు లేదు, చప్పుడు లేదు. కారు నెమ్మదించి, గీత దగ్గర ముచ్చటగా ఆగేది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "బాగుందమ్మా, పద" అనేవారు. ఆవిడ ముఖం వెలిగిపోయేది. ఎప్పుడో ఒకసారి తొక్కితే అది జాగ్రత్త. ప్రతి మలుపులో, ప్రతి గీత దగ్గరా, ఆవిడకు ఆలోచించుకునే అరక్షణం కూడా ఇవ్వకుండా తొక్కితే దాన్ని ఏమనాలి? మాస్టారు దాన్ని దీర్ఘశాంతం అన్నారు.

ఫలితం లేకపోలేదు. కుడి మోకాలు పట్టేసింది. భార్య కూర్చోబెట్టి నూనె రాస్తూ, "కేకలు మానేస్తే గొంతుకు విశ్రాంతి దొరకాలి గానీ, మోకాలు వాచడమేంటండీ విడ్డూరం కాకపోతే?" అంది.

"వయసు" అన్నారు మాస్టారు.

చర్చిలో సాక్ష్యాలు చెప్పే ఆదివారం, అంటే దేవుడి వల్ల తమలో వచ్చిన మార్పును నలుగురికీ చెప్పుకునే రోజు వచ్చింది. మాస్టారు లేచి నిలబడి, ఆ రోజు ఇస్త్రీ బట్టల దగ్గర జరిగిన సంగతి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పారు. తనకు ఇంకో పేరుందని మొదటిసారి నలుగురిలో ఒప్పుకున్నారు. జనం నవ్వారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. వెనక బల్ల మీది బేకరీ ఆవిడ కూడా లేచి, "నిజమేనండీ, మాస్టారు ఇప్పుడు ఒక్క మాట కూడా అనట్లేదు. కారు కూడా నా మాట వింటోంది" అంది. పాస్టరుగారు మురిసిపోయి, కావాలని ప్రయత్నిస్తే మనిషి ఎలా మారతాడో చూడండి అంటూ మాస్టారి వైపు చెయ్యి చూపించారు. మాస్టారు తల వంచుకున్నారు. తల వంచుకున్నా, లోపల మాత్రం ఇంతెత్తున నిలబడ్డారు.

టెస్టు రోజు రానే వచ్చింది. అక్కడి పద్ధతి ప్రకారం టెస్టుకు స్కూలు కారు పనికిరాదు. లైసెన్సులిచ్చే ఆఫీసు వాళ్ళ కారే నడపాలి, పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు. ఆ కారుకు పక్క బ్రేకు ఉండదు. మాస్టారు ప్రహరీగోడ పక్క సిమెంటు అరుగు మీద కూర్చుని, ఆవిడ ముచ్చటగా కారు కదిలించడం, అద్దం చూసుకోవడం, చెయ్యి చూపి మలుపు తిప్పడం చూసి మురుస్తున్నారు. చివర్లో, ఆఫీసు గేటు ముందు మనుషులు దాటే తెల్లచారలున్నాయి. ఇద్దరు గుమాస్తాలు టిఫిను డబ్బాలు పట్టుకుని దాటుతున్నారు. కారు వస్తోంది. వస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు ఒక్క ఉదుటున హ్యాండ్‌బ్రేకు లాగాడు. కారు విసురుగా ఊగి, చారల మధ్యలో ఆగింది. ఒక డబ్బా ఎగిరి రోడ్డు మీద పడి, మూత ఊడి దొర్లింది. గుమాస్తాలకేం కాలేదు గానీ, నోళ్ళు ఊరుకోలేదు.

ఇన్‌స్పెక్టరు దిగి, తల అడ్డంగా ఊపుతూ లోపలికి పోయాడు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్ళ నుంచీ బిగపట్టిందంతా ఒక్కసారిగా పేలింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావమ్మా! ఎదురుగా మనుషులు! బ్రేకు తొక్కాలని తెలీదా? ఎన్నిసార్లు తిరిగాం ఆ కూడళ్ళలో! ఒక్కసారైనా తప్పావా? ఇవాళ ఏమొచ్చింది నీకు?" ఆవరణలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

బేకరీ ఆవిడ ఏడవలేదు. ఆవిడ నిజంగానే అయోమయంగా చూస్తోంది. "నేను ఎప్పటిలాగే చేశాను మాస్టారూ. క్లచ్ తొక్కి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. మరి ఆ కారు ఆగలేదు. మన కారైతే తనంతట తనే ఆగుతుంది కదా."

"ఏంటీ?"

"మీరు బ్రేకని అరవడం మానేశాక బ్రేకు అవసరమే రాలేదు. కాలు తీస్తే చాలు, మెల్లిగా తనే ఆగుతుంది కదండీ. ఆఫీసు కారు పాతదేమో."

మాస్టారు ఆవిడ ముఖంలోకి చూశారు. పరిహాసం కాదు, సాకు కాదు. ఆవిడకు నిజంగా అంతే తెలుసు.

స్కూలు కారు ఎక్కించి, ఆఫీసు వెనక మనుషులెవరూ లేని ఖాళీ రోడ్డుకు తీసుకెళ్ళమన్నారు. "ఆ స్తంభం దగ్గర ఆపు" అని, రెండు కాళ్ళూ సీటు కిందికి లాక్కుని కూర్చున్నారు. ఆవిడ స్తంభం చూసింది, కాలు తీసింది, చక్రం పట్టుకుని నమ్మకంగా కూర్చుంది. కారు స్తంభం దాటి, చెట్టు దాటి, చెత్తకుండీ దాటి పోతూనే ఉంది.

"చూశారా మాస్టారూ, ఇది కూడా పాడైంది!" అంది ఆవిడ కంగారుగా. తర్వాత ఆయన వైపు తిరిగింది. ఆయన ముఖం చూసింది. ఆయన కాళ్ళ వైపు చూసింది, ఆ కాళ్ళ ముందున్న బ్రేకు వైపు చూసింది. అప్పుడు బ్రేకు తొక్కింది, ఆలస్యంగా, మొరటుగా. ఇద్దరూ ముందుకు తూలారు.

"ఇన్నాళ్ళూ ఆపింది మీరా?"

మాస్టారు నీళ్ళు నమిలారు. "అది... ప్రమాదం జరగకుండా..."

"ప్రతిసారీనా?"

ఆవిడ తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టి, కారు దిగి, బస్టాపు వైపు నడిచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ నడకలో ఉన్న అలసట చూసి ఆయనకు ఇంకా ఏడుపొచ్చింది.

నెలాఖరు దాటగానే వ్యాను ఇంకొకతనికి ఇచ్చేశారు. ఆ సంగతి విని మాస్టారు బేకరీకి పరుగెత్తారు. తప్పు తనదని, ఇంకొన్నాళ్ళు ఆగమని యజమానిని బతిమాలారు. "నాకూ జాలేనండీ, కానీ దుకాణాలవాళ్ళు ఆగరుగా" అన్నాడాయన. అందులోనూ తప్పులేదు. లోపలి తలుపు తెరిచి ఉంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని, వేడి రేకు లాగుతూ, మధ్యలో ఆగి దగ్గుతోంది ఆవిడ. ఆయన్ని చూసింది. రేకు తిప్పి మళ్ళీ పనిలో పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు దేవుడి మీదే విరుచుకుపడ్డారు. "నేను ఏమడిగాను? దీర్ఘశాంతం అడిగాను. ఏమిచ్చాడు? మోకాలి నొప్పి! ఇదేం న్యాయం? కేకలు వేసినంతకాలం ఒక్కరికీ లైసెన్సు రాకుండా పోలేదు. బాగుపడదామని బయల్దేరితే ఒకరి బతుకు పోయింది. ఇక ఎందుకీ ప్రయత్నాలు?"

భార్య విన్నంతసేపు విన్నది. "ఆయన ఏమిచ్చాడో నాకు తెలీదు. మీరు మాత్రం నోరొక్కటే మార్చుకున్నారు."

"మరి నువ్వు ముందే చెప్పొచ్చుగా?"

"కారు సంగతి నాకేం తెలుసు? ఇంట్లో సంగతి చెబుతాను వినండి. కేకలు మానేశారు, నిజమే. నేను కడిగిన గిన్నెలు మళ్ళీ కడుగుతున్నారు. నేను మడిచిన బట్టలు విప్పి మళ్ళీ మడుస్తున్నారు. నేను వేసిన తాళం లాగి చూస్తున్నారు. ఇదివరకు నోటితో తిట్టేవారు, ఇప్పుడు నోరు మెదపకుండా తిడుతున్నారు. నోటితో తిడితే కనీసం తిరిగి ఒక మాట అనేదాన్ని."

మాస్టారు మంచం అంచున కూలబడ్డారు. ఇన్ని ఏళ్ళు అడిగినా తెలియని సంగతి ఇప్పుడు తెలిసింది. తనకు లేనిది నెమ్మది గొంతు కాదు. అవతలి మనిషి తప్పు చేసి, సర్దుకుని, నేర్చుకునేంతసేపు ఓర్చుకునే శక్తే లేదు. ఆ తప్పు తన కళ్ళ ముందు జరగకూడదు, అంతే. తనది ప్రేమ అనుకున్నారు, శాంతం అనుకున్నారు. అదంతా తన సుఖమే. ఆ మాట ఒప్పుకోవడానికి ఆయనకు సిగ్గేసింది, సిగ్గుకంటే ఎక్కువ విసుగేసింది. ఇన్నేళ్ళకు మళ్ళీ మొదటి మెట్టు దగ్గరా!

"చర్చిలో సాక్ష్యం చెప్పారు కదా" అంది భార్య నెమ్మదిగా. "ఇది కూడా అక్కడే చెప్పండి."

చెప్పారు. ఆదివారం లేచి, పక్క బ్రేకు సంగతి, టెస్టు సంగతి, వ్యాను సంగతి, ఏదీ దాచకుండా చెప్పారు. "నేను మారానని చెప్పింది నిజం కాదు. నా కోపం చోటు మార్చుకుంది, అంతే. దానివల్ల ఒకరికి అన్యాయం జరిగింది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు.

ముందు వరసలో ఒక పెద్దావిడ "ఎంత తగ్గింపు మనసో చూశారా!" అంది. ఇంకెవరో చప్పట్లు మొదలుపెట్టారు. కోశాధికారి కళ్ళు ఒత్తుకున్నాడు. పాస్టరుగారు ముందుకు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంత వినయం మనలో ఎంతమందికి ఉంది? చిన్న విషయాన్ని కూడా ఇంత పెద్దగా ఎంచి..." అన్నారు.

మాస్టారికి పిచ్చెక్కినట్టయింది. 'చిన్న విషయమా? చెబుతుంటే వినరేం వీళ్ళు?' తప్పు ఒప్పుకుంటే దానికీ దండ వేస్తున్నారు! ఆయన నోరు తెరిచి ఏదో అనబోతే, చప్పట్లలో అది కూడా వినయంలాగే కలిసిపోయింది.

"వినయం కాదండీ."

వెనక బల్ల నుంచి వచ్చిందా గొంతు. బేకరీ ఆవిడ లేచి నిలబడింది. ముందు దగ్గొచ్చింది, అది తగ్గేదాకా అందరూ ఆగాల్సి వచ్చింది.

"వినయం అనకండి. ఆయన చెప్పింది జరిగింది. వ్యాను వేరేవాళ్ళకిచ్చేశారు. నేను పొద్దున కూడా పొయ్యి గదిలోనే ఉన్నాను, ఇప్పుడు అక్కడి నుంచే వచ్చాను. మీరు చప్పట్లు కొడితే, నాకు జరిగింది ఎక్కడికి పోతుంది?"

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో చేరాయి. పాస్టరుగారు మాస్టారి భుజం మీంచి చెయ్యి తీశారు. ఆ పెద్ద హాల్లో తన మాట నమ్మిన ఒకే ఒక్క మనిషి వైపు మాస్టారు చూశారు. సిగ్గుతో చెవులు వేడెక్కినా, ఆయనకు ఊపిరి ఆడింది.

"ఆవిడ చెప్పిందే నిజం" అని కూర్చున్నారు.

పాస్టరుగారు వెనక బల్ల వైపు చూసి, "నన్ను క్షమించమ్మా" అని, అప్పటికి ఆరాధన ముగించారు.

బయట మెట్ల దగ్గర మాస్టారు ఆవిడ కోసం నిలబడ్డారు. ఏమని అడగాలో తెలియలేదు. ఆవిడే అడిగింది.

"పూలకొట్టాయన వ్యానుకి మనిషి కావాలట. ఈసారి నాకు నిజంగా నేర్పుతారా?"

"కోపమొస్తే అరుస్తానేమో అమ్మా. నా మీద నాకు నమ్మకం లేదు."

"అరవండి. నాకూ నోరుంది. కాలు మాత్రం పెట్టకండి."

మర్నాడు ఊరి చివర, మూసేసిన కార్ఖానా ముందున్న ఖాళీ మైదానంలోకి తెల్లకారు వెళ్ళింది. అక్కడ గుద్దుకోవడానికి మనిషి లేడు, గోడ లేదు, పాత టైర్లు అడ్డం పెట్టుకుని ఆపడం నేర్చుకోవచ్చు. మాస్టారు చెప్పులు విప్పి, వాచిన మోకాలు మూలుగుతుంటే రెండు కాళ్ళూ సీటు మీదికి ఎత్తి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అంత మనిషి ఆ చిన్న సీట్లో అలా కూర్చోవడం చూసి ఆవిడ పెదవులు బిగించి నవ్వాపుకుంది.

మొదటిసారి టైరును గుద్దింది. "బ్రేకెక్కడుంది! కాళ్ళ దగ్గరా, కలలోనా!" అని అరిచారు. "చూస్తున్నాను కదండీ, ఉండండి!" అని ఆవిడా అరిచింది. రెండోసారీ గుద్దింది. ఆయన అరిచారు, వెంటనే కళ్ళు మూసుకుని "ప్రభువా, మళ్ళీ అరిచాను" అని గొణిగారు, తెరిచి మళ్ళీ అరిచారు. కాలు కిందికి దిగాలని గుంజుతోంది. చేతులతో మోకాలు పట్టుకున్నారు. నుదుటి నిండా చెమట. ఇంత చిన్న సంగతికి ఇన్ని పాట్లా అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ ఒక్క గంట ఓర్చుకోవడం ఆయన చేసిన ప్రార్థనలన్నిటికంటే బరువుగా ఉంది.

చాలాసేపటికి, ఎండ బాగా ఎక్కాక, కారు ఒక టైరు వైపు వెళ్ళి, నెమ్మదించి, దానికి జానెడు దూరంలో మెత్తగా ఆగింది. కుదుపు లేదు. చప్పుడు లేదు.

మాస్టారు మెడ చాచి టైరు వైపు చూశారు.

"ఎవరాపారు?" అన్నారు.

"నేనేనండీ."

ఆయన తల వంచి, తన రెండు కాళ్ళూ ఎక్కడున్నాయో ఒకసారి చూసుకున్నారు.